వెనక గుమ్మం దగ్గర నాన్న

మా చిన్నప్పుడు మా ఊరి కతోలిక గుడిలో ఆదివారం పూజకు నాన్న మాతోపాటే బయల్దేరేవాడు. నన్నూ తమ్ముణ్ణీ చెరో చేత్తో పట్టుకుని గుడి దాకా నడిపించుకొచ్చేవాడు. అక్కడ మా చేతులు వదిలేసి వెనక గుమ్మం దగ్గర ఆగిపోయేవాడు. అమ్మా, నాయనమ్మా, మేమిద్దరం ముందు వరుసల్లోకి వెళ్లిపోతే ఆయన ఒక కాలు గడప లోపల, ఒక కాలు బయట పెట్టుకుని, ద్వారబంధానికి భుజం ఆనించి నిలబడేవాడు. పూజంతా అలాగే. సువిశేషం చదివేటప్పుడు చేతులు కట్టుకునేవాడు. పూజ చేసే గురువు, అంటే ఫాదర్ గారు, అప్పాన్ని పైకెత్తగానే గంట మోగేది కదా, అప్పుడు తల వంచేవాడు. నేను వెనక్కి తిరిగి చూస్తుంటే అమ్మ మోకాలి మీద చిన్నగా తట్టేది. ఆ దీవించిన అప్పాన్ని సత్ప్రసాదంగా పంచే వేళకు మాత్రం గుమ్మం ఖాళీగా ఉండేది.

ఏడాదికి ఒక్కరోజు ఆయన ఆ గడప దాటేవాడు. విభూది బుధవారం. విభూది పెట్టించుకోవడానికి ఎవరైనా రావచ్చు, పాపసంకీర్తనం చేసి, అంటే గురువు దగ్గర పాపాలు చెప్పుకుని క్షమాపణ పొంది, ఉండాలన్న నియమం లేదు. అందరికంటే చివర వరుసలో నడిచొచ్చి, నుదురు ముందుకు వంచి, మట్టివి, మట్టిలో కలిసిపోతావన్న మాట విని, మళ్లీ గుమ్మం దగ్గరికి వెళ్లిపోయేవాడు. ఆ విభూది కిందటేడు మ్రానికొమ్మల ఆదివారం నాడు అందరం ఊపిన కొమ్మల్నే కాల్చి చేస్తారని మాకు చెప్పింది కూడా ఆయనే. ఇవన్నీ తెలిసిన మనిషి, ఇంత భయభక్తులున్న మనిషి లోపలికెందుకు రాడో నాకు అర్థమయ్యేది కాదు.

ఓ రాత్రి నాయనమ్మను అడిగేశాను. "నాన్న సత్ప్రసాదం ఎందుకు తీసుకోడు?"

ఆమె జపమాల చేతిలోనే ఉంది. "వస్తాడులేవే. ఆయన చూస్తూనే ఉన్నాడుగా" అంది.

"ఎవరు?"

"గుళ్లో ఆ ఎర్ర దీపం వెలుగుతుందే, దాని పక్కనున్నాయన."

సత్ప్రసాదం భద్రపరిచే దివ్యమందసం పక్కన రాత్రీ పగలూ వెలిగే ఆ దీపం గురించి నేను నేర్చుకున్న మొదటి పాఠం ఇదే. లోపల ప్రభువున్నాడనడానికి అది గుర్తని ఆ తర్వాత జ్ఞానోపదేశం క్లాసులో చెప్పారు. నాయనమ్మ చెప్పినది వేరు. లోపలున్నాయన గుమ్మం వైపు చూస్తున్నాడని చెప్పింది.

మా ఇంట్లో జపమాలకు ఒక ప్రత్యేకత ఉండేది. పూసల ఐదు పదులూ అయిపోయాక నాయనమ్మ మరియతల్లికి చెప్పే మంగళవార్త జపం ఇంకొక్కటి చెప్పించేది, "వెనకున్నవాడికి" అని. ఆ వెనకున్నవాడు అక్కడే, గోడకానుకుని మాతో కూర్చునే ఉండేవాడు. జపం గట్టిగానే చెప్పేవాడు. ఆ చివరి మంగళవార్త వచ్చేసరికి ఆయన గొంతు వినిపించేది కాదు.

నా మొదటి పాపసంకీర్తనానికి నాకు ఎనిమిదేళ్లు. మా ఉపదేశిగారు ఎడమ చేతి వేళ్లు ఒక్కొక్కటే మడిచి నేర్పారు. ఆత్మపరిశోధన, పశ్చాత్తాపం, మళ్లీ చేయనన్న నిశ్చయం, గురువుకు చెప్పుకోవడం, ఇచ్చిన ప్రాయశ్చిత్తం తీర్చుకోవడం. ఐదో వేలు మడిచేసరికి పిడికిలి అవుతుంది. ఆ పిడికిలితోనే గుండె మీద కొట్టుకోమనేవారు. నేను నా పాపాలన్నీ ఒక చిన్న కాగితం మీద రాసుకుని గుప్పిట్లో పెట్టుకున్నాను. వరుసలో నిలబడ్డంతసేపూ చేతులు చెమటలు. నా వంతు వచ్చి మోకాళ్లూని కాగితం విప్పితే సిరా అంతా కరిగి నీలం మరక తప్ప ఏమీ లేదు. ఏడుపొచ్చేసింది. గుర్తున్న ఒకే ఒక్కటి చెప్పాను, తమ్ముణ్ణి కొట్టానని. జాలీ అవతల ఫాదర్ గారు కాసేపు ఆగి, "వాడికి నొప్పి పుట్టి ఉంటుంది కదమ్మా" అన్నారు. అంతే. మూడు మంగళవార్తలు చెప్పమన్నారు.

బయటికొచ్చి, ఆ మూడూ గబగబా చెప్పేసి, నేరుగా వెనక గుమ్మం దగ్గరికి పరుగెత్తాను. నాన్న చెయ్యి పట్టుకుని, "నాన్నా, ఫాదర్ గారు తిట్టలేదు" అన్నాను.

ఆయన ఏమీ అనలేదు. కిందకి కూర్చుని, ఊడని నా చెప్పు బకిల్ ఊడదీసి మళ్లీ పెట్టాడు. అది పెట్టడానికి చాలాసేపు పట్టింది. ఆయన నెత్తి మాత్రమే నాకు కనిపిస్తోంది. ఎందుకలా చేశాడో అప్పుడు తెలియలేదు, తెలిసేసరికి ఏళ్లు గడిచిపోయాయి.

నాకు పదేళ్లున్నప్పుడు ఈస్టరుకు ముందొచ్చే తపస్సుకాలంలో మూడు రోజుల ధ్యానం పెట్టారు. ప్రసంగాలకు వేరే విచారణ నుంచి, అంటే వేరే గుడి పరిధి నుంచి, ఒక పెద్ద వయసు గురువు వచ్చారు. గొంతు పెద్దది కాదు, మైకు ఉన్నా చెవులు రిక్కించి వినాల్సొచ్చేది. రెండో సాయంత్రం ఆయన యేసు శిష్యుడు పేతురు గురించి మాట్లాడారు. అందరికీ తెలిసిన కథే. యేసును బంధించిన రాత్రి, ఆ మనిషెవరో నాకు తెలియదని పేతురు మూడుసార్లు బొంకడం, కోడి కూయడం. కానీ లూకా సువిశేషంలో ఆ కోడి కూతకూ పేతురు ఏడుపుకూ మధ్య ఇంకో చిన్న సంగతి ఉంది, 22వ అధ్యాయంలో. ప్రభువు వెనక్కి తిరిగి పేతురు వైపు చూశాడు. ఫాదర్ గారు అక్కడే ఆగి, "పేతురు తిరగలేదు. ఆయనకు చలిమంట కావాలి, ప్రాణం కావాలి. కట్లతో ఉన్న ప్రభువే తిరిగాడు. ముందు ఎవరు తిరిగారో మీరే చెప్పండి" అన్నారు. ఇంకేమీ విడమరచలేదు, వెళ్లి కూర్చున్నారు.

పెద్దయ్యాక పుస్తకాల్లో చదివాను, పశ్చాత్తాపానికి హెబ్రీ ప్రవక్తలు వాడిన మాట 'షూబ్' అని, దానికి తిరిగి రావడం అని అర్థమని. కాళ్లకు సంబంధించిన మాట. కానీ నాకు మటుకు ఆ మాట అనగానే, ఆ సాయంత్రం గుమ్మంలో ఉన్న రెండో కాలు కూడా లోపలికి రావడమే కళ్లలో మెదులుతుంది.

పాపసంకీర్తనం వరుస గోడ వెంబడి సాగుతోంది. నేను వరుసలో ఉన్నాను. నాకు కొంచెం ముందు ఎవరో వచ్చి నిలబడ్డారు. చూస్తే నాన్న. వీపే కనిపిస్తోంది. ఒక చేత్తో బల్ల అంచు పట్టుకున్నాడు, గట్టిగా, గోళ్లు తెల్లబడేంతగా. ఆయన వంతు రాగానే పక్కకు జరిగి వెనకున్న ముసలాయనను పంపాడు. ఆయన వచ్చాక ఇంకొకరిని. ఆ తర్వాత ఇంకొకరిని. చివరికి నేనే మిగిలాను. నా వైపు తిరిగి నన్ను కూడా వెళ్లమన్నట్టు చెయ్యి చూపించాడు.

"నువ్వెళ్లు నాన్నా" అన్నాను.

వెళ్లాడు. ఆయన మోకాళ్లూనితే అరికాళ్లు కనిపించాయి, పగుళ్లతో. నేను ఆ అరికాళ్లనే చూస్తూ నిలబడ్డాను. ఎంతసేపో చెప్పలేను. గుళ్లో ఒక వైపు దీపాలు ఆర్పేశారు. బయటికొచ్చినప్పుడు ఆయన ఎటు వెళ్లాలో తెలియనట్టు ఒక్క క్షణం ఆగాడు. అన్నేళ్లుగా ఆ గుళ్లో ఆయనకు ఒక చోటంటూ లేదు కదా. తర్వాత మరియతల్లి స్వరూపం ఉన్న వైపు మొదటి వరుసకు వెళ్లి మోకరించాడు.

ఆ ఈస్టరుకు నాన్న సత్ప్రసాదం తీసుకున్నాడు. నాయనమ్మ తలెత్తి చూడలేదు. ఆమె పక్కనే ఉన్న నాకు మాత్రం జపమాల పూసలు ఆగిపోవడం తెలిసింది. ఆ రాత్రి ఇంట్లో ఐదు పదులూ అయ్యాక కూడా ఆమె చివరి మంగళవార్త మొదలుపెట్టింది. "నాన్న వచ్చేశాడుగా, ఇంకెందుకు?" అన్నాను. నా తల నిమిరి, "ఇకనుంచి ఇది నీకు" అంది.

అప్పుడు నవ్వాను. నేనెక్కడికి పోతానని!

పోయాను. చెప్పుకోదగ్గ పెద్ద కథేమీ లేదు దానికి. చదువు, ఉద్యోగం, వేరే ఊరు. ఎవరితోనూ గొడవ పడలేదు, విశ్వాసం వద్దని ఏ రోజూ అనుకోలేదు. ఒక ఆదివారం ఒంట్లో బాగోలేదు, ఇంకో ఆదివారం నిద్ర. కనీసం ఏడాదికోసారైనా పాపసంకీర్తనం చేయాలని శ్రీసభ, అంటే కతోలిక చర్చి, 1215లో జరిగిన నాలుగో లాటెరన్ మహాసభ నాడే నియమం పెట్టింది. ఆ కనీసం కూడా నేను తొమ్మిదేళ్లు తప్పాను. క్రిస్మస్‌కు వెళ్లేదాన్ని, పాటలు పాడేదాన్ని, ఇంటికొచ్చేదాన్ని. తప్పిపోయిన కుమారుడి కథలో చిన్నవాడు దూరదేశం పోయాడు, అందరికీ తెలుసు. పెద్దవాడు ఇంటి పొలంలోనే ఉండి తండ్రి మనసుకు దూరమైపోయాడు. లోపలికి రమ్మని తండ్రి బయటికొచ్చి వాణ్ణి కూడా బతిమాలాడు. వాడు లోపలికి వెళ్లాడో లేదో యేసు చెప్పకుండానే కథ ఆపేశాడు. నాకు ఆ పెద్దవాణ్ణి తలుచుకుంటేనే ఎక్కువ భయం వేస్తుంది. తను బయట నిలబడి ఉన్నానన్న సంగతే వాడికి తెలియదు. మా నాన్నకు తను గడప మీద ఉన్నానని ప్రతి ఆదివారం తెలుసు.

ఆ తొమ్మిదేళ్లలో నాన్న నన్ను ఒక్కసారి కూడా మందలించలేదు. పూజకు వెళ్లావా అని అడగలేదు. ఫోన్లో అన్ని విషయాలూ మాట్లాడి, పెట్టేసే ముందు, "నీ పేరు మీద పూజ చెప్పించానమ్మా" అనేవాడు. అంతకు మించి ఒక్క మాట లేదు. ఆ ఒక్కదానికీ నాకు చిరాకు వచ్చేది. ఇప్పుడు తలుచుకుంటే ఆ చిరాకు కూడా ఒక పిలుపేననిపిస్తుంది. మన పేరు పెట్టి పిలిచినప్పుడే కదా విసుక్కుంటాం. నాయనమ్మ ఆ మధ్యలోనే పోయింది. ఆమె జపమాల నాన్న దగ్గరుండిపోయింది.

నాలుగో శతాబ్దపు పునీతుడు (సెయింట్) అగుస్తీను తల్లి పునీత మోనిక గురించి నాన్న ఒకసారి ఉత్తరం రాశాడు, ఫోన్లుండగా ఉత్తరం! విశ్వాసానికి దూరమైన కొడుకు కోసం ఏళ్ల తరబడి ఏడ్చిన ఆ తల్లికి ఒక పీఠాధిపతి, ఇన్ని కన్నీళ్ల బిడ్డ నశించిపోవడం జరగదని చెప్పాడట. అగుస్తీను 387లో ఈస్టరు జాగరణ రాత్రి మిలాను నగరంలో అక్కడి పీఠాధిపతి అంబ్రోసు చేతుల మీదుగా జ్ఞానస్నానం, అంటే బాప్తిస్మం, పొందాడు. మోనిక అదే ఏడాది కన్నుమూసింది. ఉత్తరంలో నా గురించి ఏమీ లేదు. కథ మొత్తం రాసి, కింద "నాన్న" అని సంతకం.

2016 తపస్సుకాలం అది. పోపు ఫ్రాన్సిస్ ప్రకటించిన దేవుని కనికరపు జూబిలీ సంవత్సరం, 2015 డిసెంబరు 8న మొదలై ఆ నవంబరు 20 దాకా నడిచింది. ఆయన పోపు అయిన కొత్తలో, 2013 మార్చిలో, జనంతో ఒక మాట అన్నారు. క్షమించడంలో దేవుడు ఎన్నటికీ అలసిపోడని, క్షమించమని అడగడంలో మనమే అలసిపోతామని. ఆ మాట చాలాచోట్ల చదివి దాటిపోయిన దాన్నే. ఒక మధ్యాహ్నం ఆఫీసు పని మీద బయటికెళ్లి, ఎండకు తాళలేక ఒక గుళ్లోకి వెళ్లాను. నీడ కోసం వెళ్లాను, ఇంకెందుకూ కాదు. లోపల ఎవరూ లేరు. ఎర్ర దీపం వెలుగుతోంది. పక్కన ఒక గురువు పాపసంకీర్తన పీఠంలో కూర్చుని ప్రార్థనల పుస్తకం చదువుకుంటున్నారు. నేను వెనక నిలబడ్డాను. కాసేపటికి చూసుకుంటే నా కాలొకటి గడప లోపల, ఒకటి బయట ఉంది.

ఎలా నడిచానో తెలియదు. మోకాళ్లూని, "తొమ్మిదేళ్లయింది ఫాదర్" అన్నాను. ఆ తర్వాత ఏం చెప్పాలో రాలేదు. చిన్నప్పటి ఐదు వేళ్లలో మొదటిది మడిచి ఆగిపోయాను.

"ఎంత దూరం నడిచొచ్చావమ్మా!" అన్నారు ఆయన. ఆశ్చర్యంగా, సంతోషంగా, ఇంటికొచ్చిన చుట్టాన్ని పలకరించినట్టు. "కూర్చుని మాట్లాడుకుందాం, కుర్చీ ఉంది అక్కడ."

మిగతాది నాకూ ఆయనకూ దేవుడికీ మధ్య ఉంది. పాపవిమోచన ప్రార్థనను దయామయుడైన తండ్రి అన్న పిలుపుతో మొదలుపెడతారని చిన్నప్పుడెప్పుడూ గమనించలేదు. ఆ రోజు ఆ మాట దగ్గరే ఏడుపు ఆగలేదు. బయటికొచ్చి నాన్నకు ఫోన్ చేశాను. "ఫాదర్ గారు తిట్టలేదు నాన్నా" అన్నాను. ఎందుకు ఆ మాటే నోట్లోకి వచ్చిందో! అవతల చాలాసేపు ఏమీ వినిపించలేదు.

ఆ ఈస్టరు జాగరణకు ఇంటికి వెళ్లాను. చీకట్లో కొవ్వొత్తులు పట్టుకుని జ్ఞానస్నాన ప్రమాణాలు తిరిగి చెప్పేటప్పుడు నాన్న నా పక్కనే ఉన్నాడు. నాలుగో శతాబ్దంలో యెరూషలేములో జ్ఞానస్నానం పొందేవాళ్లు ముందు పడమర వైపు నిలబడి, చెయ్యి చాపి సైతానును విడనాడేవాళ్లని, ఆ పైన తూర్పుకు తిరిగి విశ్వాసం ప్రకటించేవాళ్లని అక్కడి పీఠాధిపతి పునీత సిరిలు బోధనల్లో ఉంది. నాన్న ఎక్కడ చదివాడో, తిరిగొచ్చేటప్పుడు దారిలో నాకు అది నిలబడి తిరిగి చూపించాడు. అర్ధరాత్రి దాటిన రోడ్డు మీద, చేతిలో ఆరిపోయిన కొవ్వొత్తితో, ఆ వయసులో.

అప్పుడే చెప్పాడు ఆ సంగతి. ఆయనకు పంతొమ్మిదేళ్లప్పుడు ఒక తప్పు చెప్పుకోవడానికి వెళితే, ఆ గురువు గట్టిగా, వరుసలో ఉన్నవాళ్లకు వినపడేంత గట్టిగా మందలించారట. వింటున్న వాళ్లలో ఆయన స్నేహితులున్నారు. సగంలో లేచి వచ్చేశాడు. మళ్లీ వెళ్లలేదు, నా చెప్పు బకిల్ పెట్టిన రోజు దాకా కనీసం వెళ్లాలని కూడా అనుకోలేదు. "నువ్వు పరుగెత్తుకొచ్చి తిట్టలేదన్నావు. అక్కడే నాకు..." అని ఆపేశాడు.

పాపసంకీర్తనం వినే గురువు న్యాయాధిపతే కాదు వైద్యుడు కూడా అని శ్రీసభ ధర్మశాస్త్రం 978వ సూత్రం గుర్తుచేస్తుంది. ఆ రోజు నాన్నకు ఆ వైద్యుడు దొరికి ఉంటే ఎన్నేళ్లు మిగిలేవి! ఆ గురువు మీద నాన్నకు కోపం లేదు, ఆయన ఆత్మ కోసం కూడా పూజ చెప్పించాడట. నాకు మాత్రం ఇప్పటికీ బాధే. ఒక్క గట్టి మాట ఒక మనిషిని ఇరవై ఏళ్లు గడప మీద నిలబెట్టగలదు. పాత నిబంధనలో చివరి ప్రవక్త మలాకీ. ఆయన గ్రంథం చివర, ఏలీయా వచ్చి తండ్రుల హృదయాలను బిడ్డల వైపు, బిడ్డల హృదయాలను తండ్రుల వైపు తిప్పుతాడని ఉంటుంది. గబ్రియేలు దూత స్నాపక యోహాను పుట్టుక గురించి ఆయన తండ్రి జెకరియాకు చెప్పేటప్పుడు మళ్లీ ఆ మాటే ఎత్తుకున్నాడు. ఎవరు ఎవరి వైపు ముందు తిరిగారో మా ఇంట్లో నేను తేల్చుకోలేను. నాన్న నా వైపా, నేను నాన్న వైపా? దివ్యమందసం పక్కనుంచి మా ఇద్దరి వైపూ ఆయనే తిరిగి ఉన్నాడంటుంది నాయనమ్మ, ఉంటే.

చివరి ఏళ్లలో నాన్న ప్రార్థన పుస్తకంలో పునీత జాన్ మరియ వియాన్ని బొమ్మ ఉండేది. 1818లో ఫ్రాన్సులోని ఆర్స్ అనే చిన్న పల్లెకు విచారణ గురువుగా వెళ్లి, 1859లో చనిపోయేదాకా అక్కడే ఉండి, తర్వాతి రోజుల్లో రోజుకు 16 గంటల దాకా పాపసంకీర్తనాలు వింటూ కూర్చున్న మనిషి. ఆయన విచారణలోని ఒక రైతు గుళ్లో ఊరికే కూర్చునేవాడట. ఏం చేస్తున్నావని అడిగితే, నేను ఆయన్ని చూస్తాను, ఆయన నన్ను చూస్తాడు అన్నాడట. శ్రీసభ బోధనల గ్రంథమైన కతోలిక సత్యోపదేశంలో కూడా ఆ మాట ఉంది. నాన్న దాన్ని బొమ్మ వెనక పెన్సిలుతో రాసుకుని, కింద "అమ్మ" అని రాశాడు.

ఆయన మంచాన పడ్డాక ఫాదర్ గారు ఇంటికే వచ్చారు. మమ్మల్ని బయటికి పంపి, నాన్న దగ్గర కూర్చున్నారు. మాట సరిగా రావడం లేదు, ఏం చెప్పుకున్నాడో దేవుడికే తెలుసు. తర్వాత మమ్మల్ని పిలిచి నుదుటికీ అరచేతులకూ పవిత్ర తైలంతో అభ్యంగనం చేశారు. దీవెన ఇస్తూ పిత, పుత్ర, పవిత్రాత్మ నామమున అంటుంటే నాన్న కుడి చెయ్యి లేచింది. నుదుటి దాకా వెళ్లింది. రొమ్ము దాకా వచ్చింది. ఎడమ భుజం దగ్గర ఆగిపోయింది, ఇక శక్తి లేదు. నేను ఆ చెయ్యి పట్టుకుని కుడి భుజం దాకా తీసుకెళ్లాను. ఆమెన్ మాత్రం నాన్నే అన్నాడు.